చూడ్డానికి వచ్చింది ఆమె

పెరూలో కుస్కో నుంచి మనూ అడవుల్లోకి దిగే ఘాట్ రోడ్డు మీద, శాన్ పెద్రో దగ్గర నేను చేసిన తప్పు ఇది. ఇన్నాళ్లూ ఎవరితోనూ చెప్పలేదు.

తెల్లారకముందే రోడ్డు పక్కన కట్టిన చెక్క మంచె ఎక్కాం. చెట్ల మధ్య మబ్బు కదులుతోంది. నేను వచ్చింది టుంకి కోసం. క్వెచువా భాషలో దాని పేరది. పెరూ జాతీయ పక్షి. వెలుగు రాకముందే అరుపులు, గురగురలు మొదలయ్యాయి. కాసేపటికి కొమ్మల మీద నిప్పుకణికల్లా మగపక్షులు కనిపించాయి. జానెడున్నర పొడవు, ఒళ్లంతా నారింజ ఎరుపు, నల్లటి రెక్కలూ తోకా, ముక్కును సైతం కప్పేసే గుండ్రటి జుట్టు. రెండేసి ఎదురెదురుగా నిలబడి వంగుతున్నాయి, రెక్కలు టపటపలాడిస్తున్నాయి.

ఉన్నట్టుండి ఆ గోల రెట్టింపైంది. గైడు నా మోచేయి పట్టుకుని, "కదలకండి, ఆడపక్షి వచ్చింది" అన్నాడు. మసక గోధుమరంగు పిట్ట ఒకటి నా ముందు కొమ్మ మీద వాలింది. ఫొటోకి అడ్డొచ్చిందనుకున్నాను. పక్కకు జరగబోయి పలక మీద కాలు గట్టిగా వేశాను. ఆ చప్పుడుకి పిట్ట ఎగిరిపోయింది. కాసేపట్లో కొమ్మలన్నీ సద్దుమణిగాయి.

గైడు కోప్పడలేదు. వాగు దగ్గరికి తీసుకెళ్లి, అవతలి ఒడ్డున రాతి గోడకి అంటుకుని ఉన్న మట్టి గూడు చూపించాడు. బురదని లాలాజలంతో కలిపి ఆడపక్షే కడుతుందట. మామూలుగా రెండు గుడ్లు. పొదగడం, పిల్లల్ని సాకడం అంతా ఒక్కతే. అంత గోల చేసిన మగవాటికి ఆ గూటితో పనే లేదు. ఆ గోధుమరంగు ఉండబట్టే గూట్లో కూర్చున్న తల్లి కంటపడదు. మగవాటి ఎరుపు కూడా తరతరాలుగా ఆడవి ఏరుకోగా పండిన రంగే.

నన్ను ముస్తాబు చేసి చాప మీద కూర్చోబెట్టిన పెళ్లిచూపులు నేను మరిచిపోలేదు. అయినా, ముస్తాబైన వాళ్లనే చూడటం నా కళ్లకూ అలవాటైపోయింది. ఇక్కడ ముస్తాబైంది మగవాళ్లు. చూసి ఎంచుకోవడానికి వచ్చింది ఆమె. ఆడదాన్నై ఉండీ ఆ చూపుకి అడ్డం పడ్డాను.

మర్నాడు మళ్లీ మంచె ఎక్కాను. కెమెరా సంచిలోంచి తీయలేదు. మగవి వచ్చాయి, వంగాయి, అరిచాయి. నేను గోధుమరంగు కోసం వెతుకుతూ కూర్చున్నాను. ఎండెక్కే దాకా ఆమె రాలేదు.