దీపం మసీ, దిండు గుడ్డా

ఇది నేను రాతపూర్వకంగా ఇస్తున్న ఫిర్యాదు. ఎవరికివ్వాలో తెలియక ప్రస్తుతానికి ఫ్రిజ్ తలుపుకి అంటించాను.

పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ పక్కన ఇల్లు కొనడమే నేను చేసిన నేరం. 18వ శతాబ్దంలో ఇక్కడి జర్మన్ పనివాళ్లు పొడుగు గొట్టం తుపాకులు చేసేవారట. వాటికి చివరికి ‘కెంటకీ రైఫిల్’ అన్న పేరు స్థిరపడింది. చాకిరీ ఒకరిది, పేరొకరిది. ఆ బాధ నాకు కొత్త కాదు. మా ఆయనకి మాత్రం ఆ చరిత్ర తలకెక్కింది. మూతిలోంచి మందూ గుండూ దట్టి, చెకుముకి రాయితో పేల్చే తుపాకీ గ్యారేజీలో తనే చేస్తానన్నారు. ఫోన్లో ‘మందు’ అన్న ముక్క చెవినపడి మా అత్తయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు.

మన మన్యంలో నాటు తుపాకీ దొరికితే మనిషిని పక్కన నిలబెట్టి పేపర్లో ఫొటో వేస్తారు. ఇక్కడ 1968 నాటి ఫెడరల్ చట్టం దీన్ని తుపాకీ లెక్కలోకే తీసుకోదట.

తుపాకీ విడిభాగాల పెట్టె శ్రావణంలో వచ్చింది. 42 అంగుళాల గొట్టం, చారల మేపుల్ కొయ్య, ఒక సంచీడు మరలు. “చాలామటుకు అమ్మినవాళ్లే చెక్కి పంపారోయ్, వారం పని” అన్నారు.

దసరా వెళ్లినా ఆ కొయ్యలో ఇనుప ముక్క కూర్చోలేదు. ముక్కకి దీపం మసి పూసి, కొయ్యకి అదిమి, నల్లగా అంటుకున్నచోట ఉలితో ఈకంత గీకి, మళ్లీ మసి, మళ్లీ అదమడం. పాపకి కాటుక కోసం నేను ఆముదం దీపం మీద పట్టిన మసి మొత్తం దానికే అయిపోయింది. తలుపు పిడికి మసి, పాలక్యాను మీద మసి. పాపకి వేరే దిష్టిచుక్క అక్కర్లేకపోయింది. దేవుడి అర బిగించమని రెండేళ్లుగా అడుగుతున్నాను. రెండు మేకుల పని!

తర్వాత గొట్టానికి తుప్పు పట్టించడం. అవును, పనిగట్టుకుని! బాత్రూమ్ నిండా వేడినీళ్ల ఆవిరి పట్టి, తుప్పు రానిచ్చి, రుద్ది, మళ్లీ రానిచ్చి, గోధుమరంగు తేవాలట. అదే బాత్రూమ్‌లో కుళాయి తుప్పుపట్టిందని నేను మొత్తుకుంటే వినిపించదు. కొయ్యకి అవిసె నూనె రోజుకోసారి వారం, వారానికోసారి నెల, నెలకోసారి ఏడాది. నా తలకి నూనె పెట్టిన నాథుడు లేడు.

క్రిస్మస్ వెళ్లాక ఇక్కడ చెకుముకి తుపాకులతో జింకల వేట మొదలవుతుంది. దానికి ముందు గురి చూసుకుంటానని బయల్దేరారు. గుండుకి చుట్టే గుడ్డ గట్టిగా ఉండాలట. గుంటూరు నుంచి మా అమ్మ పంపిన బూరుగుదూది దిండు చారల గుడ్డ కొలిచి చూసి “సరిగ్గా సరిపోయింది!” అని మురిసిపోయారు. దూది ఇంకా సోఫా కింద ఎగురుతోంది.

గురి చూశారు, మీట నొక్కారు. తుపాకీ పక్కనుండే బుల్లి పళ్లెంలో పొడి భగ్గుమంది, అంతే. గుండు కదల్లేదు. అయిదు నెలల తపస్సులో గొట్టంలో మందు పోయడం ఒక్కటే మర్చిపోయారు! గుండుని మరతో పొడిచి వెనక్కి లాగేసరికి చీకటిపడింది.

మర్నాడు పేలిందట. సాయంత్రం తుపాకీకి సబ్బునీళ్లతో బాలింతకు పోసినట్టు స్నానం. ఇల్లంతా కుళ్లిన గుడ్ల కంపు. నేను దీపం పెట్టుకుంటుంటే తల తుడుచుకుంటూ వచ్చి మెల్లగా అడిగారు:

“ఏమోయ్, ఆ రెండో దిండు ఎక్కడ పెట్టావు?”