రేపల్లె బండిలో కోచ్ మార్పిడి

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే బండిలో రోజూ కిటికీ పక్కన కూర్చునే బాబాయ్ ఏం ఉద్యోగం చేస్తాడో తోటివాళ్ళలో సగం మందికి తెలియదు. బండి తెనాలి యార్డు దాటకముందే సన్‌రైజర్స్ క్రికెట్ జట్టు కోచ్‌ని పీకేస్తాడని మాత్రం అందరికీ తెలుసు. వేమూరులో కొత్త కోచ్ ఎక్కుతాడు. భట్టిప్రోలు దగ్గర ఆటతీరు మారుతుంది. రేపల్లెలో దిగేసరికి కప్పు మనదే.

ఈ జాతి బాపట్లలోనూ ఉంది గానీ అక్కడివాళ్ళు కాస్త నెమ్మది. ఇంకో సీజన్ చూద్దామంటారు. అందుకే వాళ్ళకి ఆట తెలియదని బాబాయ్ తేల్చేశాడు.

2016లో కప్పు తెచ్చిన సన్‌రైజర్స్ ప్రధానంగా బౌలర్లని నమ్ముకున్న జట్టు. 2018 ఏప్రిల్‌లో వాంఖడేలో 118కే ఆలౌటై కూడా ముంబైని 87కి పడగొట్టింది. ఊరంతా చప్పట్లు కొడుతుంటే బాబాయ్ మాత్రం పెదవి విరిచాడు. “ఈ చిల్లర పరుగులతో ఎన్నాళ్ళు నెట్టుకొస్తారు? బాదేవాళ్ళు కావాలి. ముందు కోచ్ మారాలి.”

ఆయన మొర ఆలకించినట్టే 2024లో జట్టు బాదింది. ఏప్రిల్‌లో బెంగళూరు మీద 287. అదే నెలలో ఢిల్లీ మీద మొదటి ఆరు ఓవర్లలోనే, వికెట్ పడకుండా 125. అంటే ఒకప్పుడు మ్యాచ్ మొత్తానికి చేసిన దానికన్నా ఏడెక్కువ! ఆ వారమంతా కోచ్ డేనియల్ వెటోరిని బాబాయ్ దత్తత తీసుకున్నంత పని చేశాడు. మే 26న చెన్నైలో ఫైనల్. జట్టు 113కి ఆలౌట్. మర్నాడు బండి కదలకముందే దత్తత రద్దయింది. “గుడ్డిగా ఊపితే ఇంతే. నిలబడి ఆడటం నేర్పేవాడు కావాలి.”

ఆయన్ని చూసి నవ్వడం తేలికే. మరి జట్టు యాజమాన్యం? 2020 నుంచి 2024 లోపు ఆ కుర్చీలో ట్రెవర్ బేలిస్, టామ్ మూడీ, బ్రయాన్ లారా, వెటోరి, మొత్తం నలుగురు కూర్చున్నారు. రేపల్లె బండి కేకలు హైదరాబాద్ దాకా వినిపిస్తున్నాయేమోనని అనుమానం వస్తుంది.

బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీలో చదివి కాలిఫోర్నియా వెళ్ళిన మేనల్లుడు సెలవులకొచ్చి ఓ రోజు ఇదే పెట్టెలో బాస్కెట్‌బాల్ సంగతి ఎత్తాడు. గోల్డెన్ స్టేట్ జట్టుని 82 మ్యాచ్‌ల్లో 51 గెలిపించిన మార్క్ జాక్సన్‌ని 2014లో ఇంటికి పంపేశారట. అంతకుముందు ఎక్కడా కోచ్‌గా చెయ్యని స్టీవ్ కెర్‌ని తెచ్చారు. ఆటగాళ్ళు ఇంచుమించు పాతవాళ్ళే. ఒకరే బంతి పట్టుకుని తంటాలు పడకుండా చకచకా చేతులు మార్చడం, బంతి లేనివాళ్ళు కూడా కదులుతూనే ఉండటం అలవాటు చేశాడు. ఆ సీజన్‌లో 67 విజయాలు. 40 ఏళ్ళ తర్వాత, 2015లో టైటిల్.

బాబాయ్ తొడ చరిచాడు. “చూశారా! నా మాట అమెరికావాడికి ఎక్కింది, మనవాళ్ళకే ఎక్కలేదు.”

“అప్పుడే అయిపోలేదు మావయ్యా. శాన్ ఆంటోనియోలో గ్రెగ్ పొపోవిచ్ అని ఒకాయన. జనరల్ మేనేజర్. 1996 డిసెంబర్‌లో కోచ్‌ని తీసేసి తనే కూర్చున్నాడు. 17 గెలిచి 47 ఓడాడు. అయినా ఆయన్ని కదపలేదు. మరుసటి ఏడు టిమ్ డంకన్ లాంటి ఆటగాడు దొరికాడు, 1999లో టైటిల్ వచ్చింది. 2025లో తప్పుకునేలోపు మొత్తం ఐదు. ఓపిక పట్టాలి మరి.”

“ఓపికేమిట్రా? పాత కోచ్‌ని తీశాకేగా ఇదంతా!”

ఎదుటి సీటాయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. బాబాయ్ దర్బారులో ఏ సాక్షి వచ్చినా మార్పు తరఫునే చెప్పి పోవాలి. అయితే ఒక్క లోటుంది: ఎవర్ని తీసెయ్యాలో చెప్పినంత గట్టిగా ఎవర్ని తేవాలో ఏనాడూ చెప్పలేదు. మేనల్లుడు అక్కడే పట్టుకున్నాడు.

“సరే, వెటోరి వద్దు. మరి ఎవరు?”

బాబాయ్ కాసేపు పొలాల వైపు చూశాడు. “టామ్ మూడీని తెస్తే పోలా?”

“2019లో మూడీ వద్దని గోల చేసింది మీరే కదా?”

“అప్పుడు పాతబడ్డాడు. ఇప్పుడొస్తే కొత్తగా ఉంటుంది.”

“అదీ చేశారు మావయ్యా. 2022లో మళ్ళీ ఆయన్నే పెట్టారు. పది జట్లలో ఎనిమిదో స్థానం వచ్చింది.”

“అలాగా?” అంటూ బాబాయ్ టిఫిన్ క్యారేజీ అందుకుని లేచాడు. “అయితే మార్చాల్సింది బౌలింగ్ కోచ్‌నిరా.”