జాతి బరువు మోసే వీపు

ఫిలిప్పీన్స్‌లో 7,641 దీవులు. భాషలు వందకు పైమాటే. వీటన్నిటినీ మూటగట్టి ఒక్క ఆడపిల్ల వీపుకు తగిలించాలి. ఆమె ఎత్తుమడమల చెప్పులేసుకుని, నడుం విరుగుతున్నా నవ్వు చెదరకుండా నడవాలి. మిస్ యూనివర్స్ భాషలో దీని పేరు ‘జాతీయ దుస్తులు’. మన పగటివేషగాడు గుప్పెడు గింజలు పెడితే తృప్తిపడేవాడు. ఈ వేషానికి మార్కులు కావాలి.

2018లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ సుందరి కాట్రియోనా గ్రే తమ ద్వీపసమూహాలు లూజాన్, విసాయస్, మిండనావ్ మూడింటినీ ఒంటిమీదికి ఎక్కించుకుంది. క్రిస్మస్‌కి గుమ్మాల్లో వెలిగే ‘పరోల్’ దీపాన్ని ఇంతెత్తున చేయించి వీపున మోసింది. కిరీటం ఆమెకే దక్కింది. దుస్తుల బహుమతి మాత్రం లావోస్ పట్టుకుపోయింది!

మరుసటి ఏడు గాజిని గనాడోస్ ఫిలిప్పీన్ గద్దగా రెక్కలు విప్పి ఆ బహుమతి కొట్టింది. తీరా ప్రకటించే వేళ వ్యాఖ్యాత పక్కన నిలబడింది మలేసియా అమ్మాయి. ‘గెలిచింది ఫిలిప్పీన్సేనండీ’ అని నిర్వాహకులు తర్వాత సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. అన్ని ఈకలు కట్టుకున్నా అస్తిత్వం ఆనవాలు పట్టలేకపోయారు పాపం. ఇక అసలు గద్దలంటారా, అడవుల్లో మిగిలినవి సుమారు 400 జంటలు. వేదిక మీద రెక్క విప్పితే చప్పట్లు, అడవిలో విప్పితే తుపాకీ దెబ్బ.

2023 ఇంకా రసవత్తరం. జనవరి 1న కరెంటు గోలతో మనీలా విమాన నియంత్రణ వ్యవస్థ పడకేసింది, వేలమంది ప్రయాణికులు ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయారు. ఆ ఏడే దేశం అందాలు చూపిస్తామని తీసిన పర్యాటక ప్రచార వీడియోలో బాలి వరిమళ్లు, బ్రెజిల్ ఇసుకదిబ్బలు దొర్లాయి. నవంబరులో పోటీకి ఫిలిప్పీన్స్ పంపిన మిషెల్ డీ ఏ వేషం కట్టిందో చెప్పుకోండి? విమానం! ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగరడమంటే ఇదే.

ఈ ముస్తాబు విద్యకు గురుపీఠం పాతదే. 1974లో, మార్షల్ లా నడుస్తుండగా, అప్పటి అధ్యక్షుడు మార్కోస్, ఆయన భార్య ఇమెల్డా మిస్ యూనివర్స్‌ని మనీలాకి రప్పించారు. అందుకోసం 77 రోజుల్లో ఓ భారీ రంగశాల లేపారు. సీతాకోకచిలుక రెక్కల చేతుల ‘టెర్నో’ తొడుక్కుని ఇమెల్డా చిరునవ్వు నవ్వుతుంటే, నోరున్నవాళ్లు జైళ్లలో ఉన్నారు. పైన పటారం, లోన లొటారం.

అదే దేశంలో, అక్లాన్‌లో అనాస ఆకుల్ని గీకి, నార తీసి, పోగు పోగూ ముడేసి ‘పీనా’ బట్ట నేస్తారు. 2023లో యునెస్కో కూడా ఆ నేతను గుర్తించింది. కానీ ఉల్లిపొరంత పల్చటి ఆ గుడ్డ లైట్ల కింద తళుక్కుమనదు, వెనక సీటు దాకా కనబడదు. జాతి ఎప్పుడూ వెనక సీటుకు కనబడాలి కదా!

అందుకే నాదో ఉచిత సలహా. వచ్చే పోటీకి ఈకలూ రాళ్లూ వద్దు. పరాయి దేశంలో పాచిపనో నర్సు పనో చేసే పిన్నమ్మ, సబ్బులూ చాక్లెట్లూ టవళ్లూ కుక్కి, టేపు చుట్టి ఇంటికి పంపే ‘బాలిక్‌బాయన్’ అట్టపెట్టెను ఆ పిల్ల వీపున కట్టండి. దుబాయి నుంచి కరీంనగర్‌కి, కువైట్ నుంచి కోనసీమకి అలాంటి పెట్టెలు మోసుకొచ్చిన మనవాళ్లు ఎవరూ చెప్పకుండానే ఆనవాలు పడతారు. ఆ వీపు ఏ దేశానిదో ఏ వ్యాఖ్యాతా పొరబడడు.