ఏసీ వాక్యానికి ఇందూరు వ్యాఖ్య

మూలం

"అన్నా, ఏసీ సల్లగైతలేదు. బండి నడుస్తుంటె మంచిగనే ఉంటది, గేటుకాడ ఆగితె ఉడుకు గాలొస్తది. గ్యాస్ కొట్టు."

అవతారిక

వైశాఖంలో మిట్టమధ్యాహ్నం బోధన్ నుంచి ఇందూరు అనే నిజామాబాద్ వస్తూ, అర్సపల్లి రైల్వే గేటు పడి ఇరుక్కుపోయి, చొక్కా వీపుకు అంటుకుపోగా మెకానిక్ షెడ్డు చేరిన కారు యజమాని వాక్కు ఇది. కర్త ఎవరో తెలియదు. ఎండాకాలమంతా ఊళ్లో ప్రతి షెడ్డులోనూ అక్షరం పొల్లుపోకుండా వినబడుతుంది గనుక అపౌరుషేయమని కొందరంటారు.

ప్రతిపదార్థం

అన్నా = ఓ మెకానిక్కూ (వయసు ఇక్కడ అవివక్షితం; పిలిచినవాడే పదేళ్లు పెద్ద కావచ్చు); బండి నడుస్తుంటె = ఎదురుగాలి ముందు జాలీలోంచి దూరి కండెన్సర్‌ను తాకుచుండగా; మంచిగనే ఉంటది = కంప్రెసర్ తిరుగుచున్నది, గ్యాస్ పారుచున్నది (ఈ ఏవకారం మీదే వ్యాఖ్య అంతా ఆధారపడి ఉంది); గేటుకాడ ఆగితె = ఆ ఎదురుగాలి కరవైనచో; ఉడుకు గాలొస్తది = కండెన్సర్ తన వేడిని వదిలించుకోజాలకున్నది; గ్యాస్ కొట్టు = దీని సంగతి ముందు చూతము.

తాత్పర్యం

ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. కారు లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. మోసే కూలీ చాలా కార్లలో ఆర్-134ఏ అనే గ్యాస్. మామూలు వాతావరణ పీడనంలో అది సున్నాకు 26 డిగ్రీల దిగువనే మరుగుతుంది. డ్యాష్‌బోర్డు వెనకున్న ఎవాపరేటర్‌లో ఆవిరవుతూ వేడి తాగుతుంది. కంప్రెసర్ దాన్ని ఒత్తి తోస్తే, రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో మళ్లీ ద్రవమవుతూ తాగిందంతా కక్కుతుంది. కక్కాలంటే కండెన్సర్ రెక్కల సందుల్లోంచి గాలి ఆడాలి. ఎడపల్లి దారిలో బండి పరుగెత్తుతున్నంతసేపూ ఆ గాలి ఊరకే వస్తుంది. గేటు దగ్గర ఫ్యాను తేవాలి. కాబట్టి దోషం ఫ్యానులోనైనా ఉండాలి, గాలి దారిలోనైనా ఉండాలి.

ప్రక్షిప్త విచారం

"గ్యాస్ కొట్టు" అన్న చివరి మాట ప్రక్షిప్తమని మా నిర్ణయం. ముందు రెండు వాక్యాలూ చెప్పిన సాక్ష్యానికి ఇది పొసగదు. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టిన వ్యాఖ్యాత మల్లినాథసూరిది పక్క మెదక్ సీమలోని కొల్చారమే. ఆ నియమం మన షెడ్ల దాకా రాలేదు. బోనెట్ ఎత్తకముందే సిలిండర్ దొర్లించుకొస్తారు.

గ్యాస్ పెట్రోలు కాదు, ఖర్చయిపోవడానికి. మూసిన గొట్టాల్లో తిరిగేదే తిరుగుతుంది, తగ్గిందంటే కారిందన్నమాట. చిన్న కారులో పట్టేది అర కిలో అటూ ఇటూ. నిండినదాని మీద ఇంకా కొడితే కండెన్సర్ పక్క పీడనం పెరిగి చల్లదనం ఉన్నదీ పోతుంది. బయటికి వదిలితే మరో పాపం. 1987 మాంట్రియల్ ఒప్పందం దరిమిలా పాత ఆర్-12 స్థానంలోకి వచ్చిన ఈ ఆర్-134ఏ ఓజోన్ జోలికి పోదు గాని, కిలో వదిలితే వందేళ్ల లెక్కన సుమారు 1,400 కిలోల బొగ్గుపులుసు వాయువంత వేడి పుట్టిస్తుంది.

"గ్యాస్ కొంచెం తగ్గినా ఆగినప్పుడు ఉడుకు గాలి రావచ్చు గదా?" అని పూర్వపక్షం. రావచ్చు. అందుకే చెంబెడు నీళ్ల ప్రమాణం. బండి ఆపి, ఇంజను నడుస్తుండగా ఏసీ వేసి, ముందు జాలీలోంచి కండెన్సర్ మీద మెల్లగా నీళ్లు పోయించు. నువ్వు లోపల కూర్చుని గాలి తూము దగ్గర చెయ్యి పెట్టు. నిమిషంలో గాలి చల్లబడితే గ్యాస్‌ను అనుమానించే ముందు ఫ్యానును చూడాలి. ఏసీ వేసినా తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరసగా చూడాలి. చెయ్యి మాత్రం దూరంగా ఉంచు. అది చెప్పి తిరగదు.

పాఠాంతరం

ఫ్యాను తిరుగుతున్నా ఉడుకు తగ్గకపోతే రెక్కల సందులు చూడాలి. ఇక్కడ రెండు పాఠాలున్నాయి. ప్రాచీన పాఠం "చెరకాకు". 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బోధన్‌లోని శక్కర్‌నగర్ దారి పొడవునా బండ్ల మీంచి రాలిన ఎండుటాకు ముక్కలు జాలీల్లో చిక్కేవి. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీకి తాళం పడింది. అర్వాచీన పాఠం "వరి పొట్టు": యాసంగి కోతలప్పుడు హార్వెస్టర్లు లేపే దుమ్ము, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల నుంచి లేచే పొట్టు. రెండు పాఠాలకూ చికిత్స ఒకటే. ఇంజను వైపు నుంచి బయటికి సన్నని ధారతో కడగాలి. సర్వీసింగ్ గన్‌తో దగ్గరనుంచి కొడితే రెక్కలు పడుకుంటాయి, ఆ తర్వాత గాలి అసలే దూరదు.

శేషం

"గాలే సరిగ రాదు" అంటే గ్లవ్‌బాక్స్ వెనక ఫిల్టర్ తీసి చూడు. "కాళ్ల కింద నీళ్లు" అంటే డ్రైన్ పైపు మూసుకుపోయింది. "గంటసేపు సల్లగుండి గాలి ఆగిపోతది" అంటే ఎవాపరేటర్ మంచు కట్టింది.

"నడిచినా ఉడుకే, ఆగినా ఉడుకే, పైపు అతుకుల దగ్గర జిడ్డు మరక" అన్న మూలం దొరికితే మాత్రం "గ్యాస్ కొట్టు" ప్రక్షిప్తం కాదు. అప్పుడైనా లీకు మూసి, వ్యాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలీ తేమా లాగేసి, బోనెట్ కింద స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములు తూచి ఎక్కించాలి. తూకం యంత్రం ఉందా అని ముందే అడుగు.