ఆ లెక్కలో ఇప్పపువ్వు లేదు

సంక్రాంతికి వచ్చిన మనవడు ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. "తాతా, నల్లమలలో అగ్గి ఎక్కడ పడొచ్చో ఇందులో ముందే చెప్పేస్తారు!" ఎండ, తేమ, గాలి, వాన కలిపి కెనడా వాళ్ళు కట్టిన లెక్కట. ఎరుపైతే ప్రమాదమట.

నేను దోర్నాల వైపు ఫారెస్టు గార్డుగా చేసిన రోజుల్లో ఈ ఎరుపులూ పసుపులూ లేవు. వానలు దండిగా పడ్డ ఏడు ఊరంతా సంబరపడితే మా గుండె జారేది. వాన బాగుంటే బోదగడ్డి ఏపుగా లేస్తుంది. లేచిందంతా మాఘానికి ఎండి నిలబడుతుంది. ఈ సంగతి నాకు చెప్పింది ట్రైనింగు కాదు, ఒక చెంచు పెద్దాయన. రాలిన టేకాకును పిడికిట్లో నలిపి చూపించేవాడు. ముడుచుకుంటే ఇంకా నాలుగు రోజులు ఉన్నట్టు. పొడై వేళ్ళ సందుల్లోంచి రాలితే ఆ పూట నుంచే కాపలా.

ఇప్పుడు డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే వాళ్ళు ఉపగ్రహంతో చూసి మెసేజ్ పంపుతున్నారు. 2004 నుంచీ ఉంది ఈ ఏర్పాటు. మంచిదే. మా కాలంలో పొగ కనబడి, పచ్చికొమ్మలు విరుచుకుని పరిగెత్తేసరికి సగం కొండ నల్లబడేది. అబద్ధమెందుకు? కానీ 375 మీటర్ల గడి లెక్కన చూసే ఆ ఉపగ్రహం పోయేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఇంకోసారి. మూడింటికి ఎవడో చుట్ట పారేస్తే?

మన అడవుల్లో పిడుగుపాటుకు అంటుకునేది అరుదు, అంటించేది మనిషే. పువ్వు ఏరుకోవడానికి ఇప్పచెట్టు కింద ఆకు తగలబెట్టేవాళ్ళు, కొత్త గడ్డి మొలుస్తుందని పాతది కాల్చే కాపరులు. వీళ్ళు ఏ పూట అగ్గిపుల్ల గీస్తారో కెనడా లెక్కకేం తెలుసు?

జనవరి దాటకుండా ఫైర్ లైన్లు, అంటే అగ్గికి అడ్డుపడే ఖాళీ పట్టీలు, తీసేవాళ్ళం. గడ్డి కోసి, ఆకు ఊడ్చి, మంచు ఆరకముందే అంచులు మేమే కాల్చేవాళ్ళం. అరచేతుల్లో బొబ్బలు. పోయినేడు శ్రీశైలం బస్సులోంచి చూశాను, ఒక ఫైర్ లైన్లో గడ్డి నా నడుమెత్తు! ఫోన్లో ఎరుపు చూసి ఎవరికి ఎవరు చెప్పుకున్నారో గానీ, కొడవలి పట్టుకుని వచ్చినవాడు మాత్రం లేడు.

శివరాత్రికి నడిచి కొండెక్కే అయ్యలారా, అమ్మలారా! దారిలో పొయ్యి పెడితే నీళ్ళు పోయండి. బూడిదలో చెయ్యి పెట్టి, చల్లారిందనుకున్నాకే కదలండి.