వజ్రం మీద తవుడు

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తల వంచుకుని నేలంతా గాలిస్తారు. వాళ్లు వెతికేది నా జాతినే. నేను మాత్రం యంత్రంలో తయారైన వజ్రాన్ని. కడపలోని ఒక ప్రయోగశాలలో, పరారుణ వర్ణపటం తీసే యంత్రం మీద ఉక్కు పలకలో బిగించారు నన్ను. నాలో నత్రజని దాదాపు లేదు, కోహినూర్‌లో లేనట్టే. ఉంటే నాకు కావలసిన కాంతిలో కొంత అదే మింగేసేది.

పరారుణ కాంతి 1800లో విలియం హెర్షెల్‌కు దొరికింది. అణువులోని చాలా బంధాలు తమ తమ కంపనాలకు సరిపడే కాంతినే పీల్చుకుంటాయి. ఆ కాంతి నా అడుగు నుంచి వచ్చి, పైతలాన్ని తాకి వెనక్కి మళ్లుతుంది. మళ్లేటప్పుడు ఒకటి రెండు మైక్రాన్ల మేర బయటికి తొంగి చూస్తుంది. ఆ కాస్త దూరంలో ఏముంటే దాని గుర్తులే తెర మీద గీతగా వస్తాయి.

నా మీద పెట్టిన వాటిలో నా మనసు పడింది తవుడు మీద. కేసీ కెనాల్ కింద పండిన వడ్ల తవుడు. గింజలో నూనె ఒక పొరలో, లైపేజ్ అనే ఎంజైము ఇంకో పొరలో ఉంటాయి. మిల్లులో పాలిష్ పట్టగానే రెండూ కలుస్తాయి. ఇక గంటల్లోనే లైపేజ్ నూనె అణువులను తెంచి కొవ్వు ఆమ్లాలను విడదీస్తుంది, తవుడు ముక్కిపోతుంది. నా గీతలో అయితే వాసన కంటే ముందే తెలుస్తుంది: సెంటీమీటరుకు 1745 తరంగాల దగ్గరున్న నూనె శిఖరం కుంగుతుంది, 1710 దగ్గర ఆమ్లం తల ఎత్తుతుంది. రంగు కలపనక్కర్లేదు, చర్యను ఆపనక్కర్లేదు. ఎంజైము పని చేస్తుండగానే చూడొచ్చు. ఈ పద్ధతికి ఇంతకు మించిన గొప్ప ఉందనుకోను.

అడ్డంకి నీళ్లే. ఎంజైముకు నీరు లేకుంటే గడవదు. ఆ నీరేమో 1640 దగ్గర గట్టిగా కాంతిని పీల్చి, 1650 దగ్గరుండే ప్రోటీన్ శిఖరాన్ని కప్పేస్తుంది. అందుకే ఎంజైము రూపాన్నే చూడాలనుకున్నప్పుడు భారజలం వాడతారు. దాని శిఖరం 1210 వైపు తప్పుకుంటుంది.

ఆవిరి పట్టిన తవుడునూ నా మీద పెట్టారు. వేడికి లైపేజ్ చచ్చిపోయింది, 1745 శిఖరం అలాగే నిలబడింది. తవుడులో నూటికి 15 నుంచి 20 పాళ్లు నూనె. రైసు మిల్లు యజమానులారా, పాలిష్ పట్టిన రోజే దానికి ఆవిరి పట్టించండి. ఆ వీలు లేకపోతే అదే రోజు నూనె మిల్లుకు పంపేయండి.