గట్టు మీది కోచ్ సారు

చెన్నూరు దగ్గర గోదావరి ఐదు క్రోసుల మేర ఉత్తరానికి పారుతుంది. అందుకే దానికి పంచక్రోశ ఉత్తరవాహిని అని పేరు. రేవుకు వచ్చేవాళ్లలో స్నానం చేసేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, వల వేసేవాళ్లు, దీపాలు వదిలేవాళ్లు పోగా ఇంకో రకం మిగులుతుంది. వాళ్లు నీళ్లలో దిగరు. ఇంగ్లిష్‌లో ఈదుతారు.

ఈ రకం మనిషిని ఊళ్లో కోచ్ సారు అంటారు. ఆ పిలుపులో గౌరవం పావలా, పరాచికం ముప్పావలా. సారు ఉద్యోగం చేసి రిటైరయి ఉంటాడు. కొడుకు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటాడు. మనవడు స్విమ్మింగ్ క్లాసుకు పోతుంటే సంచీ పట్టుకుని వెంట వెళ్లి, కొలను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అక్కడి కోచ్ నోట వచ్చిన ప్రతి మాటా పాకెట్ డైరీలో ఎక్కించుకుని వస్తాడు. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో కట్టిన కొలను చూసొచ్చిన సారయితే ఇక పట్టపగ్గాలుండవు. ఇక్కడివాళ్లకు గోదావరి అంటే గంగే. కొలిచి కట్టిన యాభై మీటర్ల నీళ్లు చూశాక సారుకు ఆ గంగ మీద గౌరవం కాస్త తగ్గుతుంది. లేన్లు లేవంటాడు. బ్యాక్‌స్ట్రోక్ వాళ్లకు గోడ దగ్గరపడిందని తెలియడానికి గోడకు ఐదు మీటర్ల ముందు కట్టే జెండాలు లేవంటాడు. అసలు గోడే లేదు కదా అని ఎవరూ అడగరు. అడిగితే టంబుల్ టర్న్ గురించి అరగంట వినాలి.

పొద్దున ఆరింటికల్లా మెట్ల మీద ప్రత్యక్షం. నెత్తిన రబ్బరు టోపీ, నుదుటి మీద గాగుల్స్, భుజాన టర్కీ తువ్వాలు. మూడూ పొడిగానే ఉంటాయి.

"హై ఎల్బో! హై ఎల్బో!" అని అరుస్తాడు, ట్రాక్టర్ ట్యూబులో ఇరుక్కుని కాళ్లు కొట్టుకుంటున్న పిల్లాడిని చూసి.

"ఏందంటున్నరు సారూ?"

"మోచెయ్యి పైకి లేపు బిడ్డా."

"లేపితే మునుగుతున్న సారూ!"

నవ్వుకుంటే నవ్వుకున్నాం గానీ, సారు చెప్పే సంగతుల్లో తప్పు పట్టడం కష్టం. ఫ్రీస్టైల్ పోటీలో ఏ ఈత కొట్టినా నిబంధన ఒప్పుతుందనీ, వేగం కోసం అందరూ క్రాల్ కొడతారనీ చెబుతాడు. అది నిజమే. బటర్‌ఫ్లైకి ఒలింపిక్స్‌లో విడిగా చోటు దొరికింది 1956లో, మెల్‌బోర్న్‌లో. అదీ నిజమే. అన్ని స్ట్రోకులూ కలిపిన మెడ్లీ ఒక్కడే ఈదితే బటర్‌ఫ్లైతో మొదలవుతుంది, నలుగురు కలిసి రిలేగా ఈదితే బ్యాక్‌స్ట్రోక్‌తో మొదలవుతుంది, ఎందుకంటే బ్యాక్‌స్ట్రోక్ ఈదేవాడు నీళ్లలోంచే బయల్దేరాలి. ఈ ముక్క ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. బ్రెస్ట్‌స్ట్రోక్ దగ్గర మాత్రం సారు అటూ ఇటూ చూస్తాడు. ఆడవాళ్లుంటే 'కప్ప ఈత' అని దాటేస్తాడు. లేకపోతే గొంతు పెంచి, 1875లో కెప్టెన్ మాథ్యూ వెబ్ ఇంగ్లిష్ చానల్‌ను 21 గంటల 45 నిమిషాల్లో దాటింది ఆ స్ట్రోక్‌తోనే అని చెప్పి, మెట్టు మీదే బోర్లా పడుకుని కాళ్లు ఆడించి చూపిస్తాడు.

పడవల దగ్గరా ఇదే వరస. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలు ఒక్కసారి చూసిన పాపానికి, పాతకాలం ఓడలకు చుక్కాని తెడ్డు కుడివైపు ఉండేదనీ, స్టార్‌బోర్డ్ అన్న మాట అక్కడ పుట్టిందనీ వల సర్దుకునే బెస్తాయన్ను కూర్చోబెట్టి చెబుతాడు. పడవ కదిలాక "స్టార్‌బోర్డుకు తిప్పు!" అని కేక వేస్తాడు.

"ఎటు సారూ? తినే చెయ్యి దిక్కా?"

"ఆ, అటే."

"అటు ఇసుక మేట ఉన్నది. పడవ కూసుంటది." అని బెస్తాయన తన దారిన తాను పోతాడు.

సారును ఆపగలిగేది ఇంట్లో ఆమె ఒక్కతే. హైదరాబాద్‌లో ఉండే గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021 మార్చిలో పాక్ జలసంధి ఈదారు. ఆ వార్తను సారే భార్యకు చదివి వినిపించాడు. అప్పటినుంచి ఇంట్లో ఒకటే ప్రశ్న: "ఆమె సముద్రమే దాటింది. నువ్వు గంగల ఎప్పుడు దిగుతవు?" దానికి డైరీలో జవాబు లేదు. వార్మప్ అవుతున్నదంటాడు.

అయితే సారు పరువు నిలబడే రోజు ఏడాదికొకటి వస్తుంది. స్కూలు పిల్లల ఈత పోటీలకు సెలెక్షన్ అనగానే, గంగను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదే పిల్లాడు కాగితం పట్టుకుని సారు ఇంటికొస్తాడు. 50 ఫ్రీస్టైలా, 100 బ్యాక్‌స్ట్రోకా, ఏ గడిలో టిక్కు పెట్టాలో వాడికి అంతుబట్టదు. సారు కళ్లద్దాలు పెట్టుకుని కాగితం నింపుతాడు. 'టేక్ యువర్ మార్క్స్' అన్నాక బొమ్మలా కదలకుండా ఉండాలనీ, కూత పడకముందే దుంకితే మొదటి తప్పుకే ఇంటికి పంపుతారనీ పదిసార్లు చెప్పిస్తాడు. ఇలాంటిది తెలియక వెనక్కి వచ్చే పల్లె పిల్లలకు సారు ఒకడు దొరకడం అదృష్టమే.

ఆయనకు అంతుచిక్కనిది డీప్ ఎండ్ ఒక్కటే. కొలనులో లోతెంతో గోడ మీద రాసి ఉంటుంది. ఇక్కడ 2019లో దిగువన అన్నారం బ్యారేజీ వచ్చాక ఎండాకాలం కూడా నీళ్లు నిలిచాయి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగిన తర్వాత అన్నారాన్నీ ఖాళీ చేశారు. నిన్న మునిగిన ఇసుక ఇవాళ తేలుతుంది, మొన్న మోకాలిలోతున్న చోట మడుగు పడుతుంది.

2027లో గోదావరి పుష్కరాలు. చెన్నూరు రేవుకు వస్తే ఏ స్ట్రోక్ గురించయినా సారును అడగండి, సంతోషంగా చెబుతాడు. లోతు సంగతి మాత్రం బెస్తవాళ్లను అడిగే దిగండి.